పద్ధతిగా వద్దన్నారు

ఆ దేశం పేరు రాయను. రాస్తే దాని మీద ఇంకో విచారణ పెడతారు. విచారణలు నాకు చాలు.

మా ఆవిడ లేయమ్మ ఆ దేశంలో ఒక ముసలమ్మను చూసుకునే పనికి వెళ్ళింది. రెండేళ్ళ వీసా. ఇరవయ్యో నెలలో జ్వరం తగిలి చచ్చిపోయింది. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కబురు నాకు చేరేసరికి మట్టి చేసేశారు. ఫొటో పంపారు. చిన్న రాయి, దాని మీద అంకెలు. ఏడో వరుస, రెండు వందల పద్నాలుగు.

ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. వెళ్ళే రోజు పొద్దున్న ఆ మాటే అన్నాను. "పోతే పో" అని కూడా అన్నాను. బస్సు దగ్గరికి వెళ్ళలేదు. కొబ్బరికాయలు వలవడం నా పని. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి, తిప్పి, పీచు ఊడదీస్తాను. ఆ పొద్దున్న కూడా అదే చేశాను. బస్సు మా కాయల రాశి పక్కనుంచే వెళ్ళింది. తలెత్తలేదు.

ఆవిడ పోయిన నాలుగేళ్ళకు ఆ దేశం సమాధుల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. చర్చిలో పాస్టరు గారు చదివి చెప్పారు. అక్కడ పరాయి దేశస్థుల సమాధి అయిదేళ్ళే ఉంచుతారట. వచ్చే ఏడాది జూన్ ముప్పైతో లేయమ్మ గడువు తీరిపోతుంది. దగ్గర బంధువు ఎవరైనా స్వయంగా వచ్చి రిజిస్ట్రారు ముందు సంతకం పెడితే ఇంకో ఇరవై ఏళ్ళు ఉంచుతారు. పోస్టులో సంతకం చెల్లదు. ఎవరూ రాకపోతే తవ్వి, ఎముకలు తీసి, అందరినీ కలిపి ఒక గోతిలో వేస్తారు. ఏడాది ముందే రాశారు. పద్ధతి గలవాళ్ళు.

మాకు పిల్లలు లేరు. ఆవిడకు దగ్గర బంధువు నేనే. సంతకం పెట్టడం వచ్చు. ఏడో తరగతి దాకా చదివాను. అందుకని వీసాకు దరఖాస్తు చేశాను.

పట్నంలో ఆ దేశం వాళ్ళ వీసా ఆఫీసు ఉంది. చల్లగా ఉంటుంది. కౌంటర్లో అమ్మాయి ఫారం చూసి వెనక్కి తోసింది.

"పదిహేడో ప్రశ్న ఖాళీగా వదిలేశారండి."

పదిహేడో ప్రశ్న: మీ జీవిత భాగస్వామి ఎక్కడ ఉన్నారు? రెండు గడులు. ఒకటి, మా దేశంలో. రెండు, మీ దేశంలో.

"చచ్చిపోయిందమ్మా. ఇదిగో కాగితం. మీ దేశం వాళ్ళు ఇచ్చిందే."

"ఈ కాగితం జాబితాలో లేదండి. జాబితాలో లేనివి మేం తీసుకోకూడదు. మీ మిసెస్ మా దేశంలో ఉన్నారా, మీ దేశంలో ఉన్నారా?"

ఆ అమ్మాయిది అనకాపల్లి యాస. మా దేశం అంటే ఆ దేశమే అని అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

"అక్కడే ఉందమ్మా."

"మరి అక్కడ టిక్కు పెట్టండి. ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదు."

ఉన్నది అక్కడే. మా ఊరి బళ్ళో అబద్ధం ఆడకూడదని బెత్తంతో చెప్పారు. టిక్కు పెట్టాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. కింద తెలుగులో కూడా ఉంది. మర్యాదస్థులు.

"మీ జీవిత భాగస్వామి గత అయిదు సంవత్సరాలకు పైగా మా దేశమున నివసించుచున్నారు. ఈ కాలములో ఒక్క పర్యాయమైనను స్వదేశమునకు వెళ్ళియుండలేదు. తిరిగి వెళ్ళు ఉద్దేశము ఆమెకు ఉన్నట్లు ఆధారము లేదు. ఆమె వద్దకు చేరిన పిమ్మట మీకును ఆ ఉద్దేశము ఉండదని భావించుచు, దరఖాస్తును తిరస్కరించడమైనది."

దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఈ తిరస్కరణ మీకు నచ్చని పక్షమున న్యాయ సమీక్ష కోరవచ్చును. వకీలును మేమే ఇత్తుము.

వద్దనేదీ వాళ్ళే, వద్దన్నవాడి మీద పోట్లాడమని మనిషిని ఇచ్చేదీ వాళ్ళే. అంత మంచి దేశం.

వాళ్ళిచ్చిన లాయరు రమాసుందరి గారు. కాకినాడ మనిషి. నలభై ఏళ్ళుంటాయి. చురుకైంది. మాట్లాడేటప్పుడు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటుంది. వీసా సమీక్షల్లో ఇంతవరకు ఒక్క కేసూ ఓడిపోలేదట. నా కాగితాలు చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అబ్బులు గారూ, ఇది బంగారం లాంటి తిరస్కరణండీ! అడుగడుగునా తప్పులే!"

"అయితే వెళ్తానాండి నేను?"

"అది వేరే సంగతి. కోర్టు మీకు వీసా ఇవ్వాలా వద్దా అని చూడదు. వద్దన్నవాడు పద్ధతిగా వద్దన్నాడా లేదా అని చూస్తుంది."

"పద్ధతిగా వద్దంటే?"

"మనం ఓడిపోతాం."

"పద్ధతి తప్పి వద్దంటే?"

"గెలుస్తాం!"

"గెలిస్తే ఏమవుద్దండి?"

"దరఖాస్తు మళ్ళీ అదే అధికారి దగ్గరికి వెళ్తుంది. మళ్ళీ చూస్తాడు."

"చూసి?"

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "ఈసారి పద్ధతిగా చూస్తాడు."

విచారణ వీసా ఆఫీసులోనే ఒక గదిలో జరిగింది. గోడకు పెద్ద టీవీ. అందులో న్యాయమూర్తి. ఆయన మాటలు తెలుగు చేయడానికి పరాంకుశం గారని ఒక దుబాసీ. రిటైరైన తెలుగు లెక్చరరు. ఉత్తరీయం వేసుకుని వచ్చారు. టీవీలో ఆయన దగ్గినా వీరు సర్దుకుని కూచునేవారు.

మొదట నన్ను మాట్లాడమన్నారు.

"అయ్యా, నా భార్య చచ్చిపోయిందండి," అన్నాను.

దుబాసీ గారు తర్జుమా చేశారు. టీవీలో ఆయన చాలాసేపు మాట్లాడారు. దుబాసీ గారు కళ్ళు మూసుకుని విని, కళ్ళు తెరిచి చెప్పారు.

"గౌరవనీయ న్యాయమూర్తి వారు తమ ప్రగాఢ సంతాపమును వెలిబుచ్చుచున్నారు. అయినను, నిర్ణయ సమయమున అధికారి ఎదుట లేని అంశమును ఈ న్యాయస్థానము పరిగణింపజాలదు. అధికారి ఎదుట ఉన్నది మీరు పెట్టిన గుర్తు. ఆ గుర్తు ప్రకారము ఆమె మా దేశమున ఉన్నారు. ఆమె ఏ స్థితిలో ఉన్నారన్నది వాస్తవ విషయము. మేము వాస్తవములలోనికి పోము."

"మరెందులోకి పోతారండి?"

రమాసుందరి గారు నా చొక్కా పట్టి కూచోబెట్టారు. ఆవిడ లేచి గంటసేపు వాదించారు. భర్త రాక వల్ల భార్యకు కూడా లాభమో నష్టమో ఉంటుంది, అయినా ఆవిడను ఒక్క మాటైనా అడగకుండా అధికారి నిర్ణయం చేసేశాడు, ఇది సహజ న్యాయానికి విరుద్ధం అని. న్యాయమూర్తి తల ఊపారు. తిరస్కరణ కొట్టేశారు. లేయమ్మ వాదన విని మళ్ళీ నిర్ణయించమన్నారు.

"గెలిచాం!" అంది లాయరమ్మ. పరాంకుశం గారు నాకు నమస్కారం పెట్టారు.

మర్నాడు కాయల రాశి దగ్గర నాగేసు అడిగాడు. నాగేసు, నేను ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే వలుస్తున్నాం.

"ఏరా అబ్బులూ, గెలిసేవంట గదా. ఎప్పుడు ఎల్తన్నావు మరి?"

"లేయమ్మని అడుగుతారంట."

వాడు కాయ మొన మీద అలాగే వదిలేసి నా వైపు చూశాడు. "ఏటడుగుతారు?"

"నేను రావచ్చా అని."

లేయమ్మకు నోటీసు వెళ్ళింది. తెలిసిన చిరునామాకే పంపాలని రూలు. ఏడో వరుస, రెండు వందల పద్నాలుగు. శ్మశానం కాపలావాడు దాన్ని రాయికి అతికించి, అతికించినట్టు ఫొటో తీసి పంపాడు. ఇరవై ఎనిమిది రోజుల గడువు ఇచ్చారు. వాన పడితే తడవకుండా ప్లాస్టిక్ కవరు కూడా వేశారు.

సమాధుల శాఖ లెక్కలో ఆవిడ చచ్చిపోయింది. వీసా శాఖ లెక్కలో బతికుంది. రెండు శాఖలూ ఒకే మేడలో ఉంటాయట. అంతస్తులు వేరు.

ఇరవై ఎనిమిది రోజులు అయ్యాయి. రెండో తిరస్కరణ వచ్చింది. మొదటిది అర పేజీ. ఇది పందొమ్మిది పేజీలు. పదిహేడో పేజీలో అసలు విషయం ఉంది.

"సదరు భాగస్వామికి తగిన అవకాశము ఇచ్చినను ఆమె మౌనము వహించినారు. భర్త రాకకు ఆమె సుముఖముగా లేరని భావింపక తప్పదు."

అన్ని పేజీల్లో ఈ ఒక్క వాక్యమే నన్ను పట్టుకుంది. రాసినవాడికి ఏమీ తెలియదు. బస్సు సంగతి తెలియదు. అయినా ఎక్కడ పొడవాలో అక్కడే పొడిచాడు. రెండు రోజులు పనికి వెళ్ళలేదు.

మూడో రోజు వెళ్తే నాగేసు నవ్వాడు.

"మీ ఆవిడ నువ్వొద్దందంట గదరా!"

నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఆ రోజు నా రాశిలో కాయలు కూడా వాడే వలిచాడు.

రమాసుందరి గారికి మాత్రం రెండో తిరస్కరణ మొదటిదాని కంటే బాగా నచ్చింది. "మౌనానికి అర్థం ఊహించుకున్నాడు చూశారా! మనిషి దగ్గరికి వెళ్ళి అడగాలా వద్దా?" అంది. అదే వాదించింది. టీవీలో ఆయన అదే ఒప్పుకున్నారు. కాగితం అతికిస్తే సరిపోదు, అధికారి ఒకరు స్వయంగా వెళ్ళి భాగస్వామిని కలవాలి అన్నారు. రెండోసారి గెలిచాం.

ఒక తనిఖీ అధికారి ఏడో వరుసకు వెళ్ళాడు. ఆయన రాసిన నివేదిక నా దగ్గర ఉంది. మూడు సార్లు చదివించుకున్నాను.

"సదరు వ్యక్తి పేర్కొన్న చిరునామాలోనే ఉన్నట్లు నిర్ధారించడమైనది. పేరు పెట్టి ముమ్మారు పిలిచితిని. జవాబు రాలేదు. ఇరుగుపొరుగు వారిని విచారించితిని. వారును సహకరించలేదు. పరిసరములు ప్రశాంతముగా, పరిశుభ్రముగా ఉన్నవి. ఆమెపై ఎట్టి ఫిర్యాదులును లేవు. అయితే రికార్డులు పరిశీలించగా, ఆమె వీసా గడువు నాలుగు సంవత్సరముల ఏడు నెలల క్రితమే ముగిసినట్లు తేలినది. గడువు ముగిసిన పిమ్మటను ఆమె దేశము విడిచి వెళ్ళియుండలేదు."

నిజమే. లేయమ్మ చచ్చిపోయిన నాలుగు నెలలకు వీసా అయిపోయింది. అప్పటికి ఆవిడ దేశం విడిచి వెళ్ళలేదు.

మూడో తిరస్కరణ అరవై రెండు పేజీలు. అట్ట వేసి పంపారు. భార్య గడువు మీరి అక్రమంగా ఉంటోంది గనుక భర్త కూడా అలాగే ఉండిపోయే ప్రమాదం ఉందన్నారు. దాని మీద కూడా లాయరమ్మ సమీక్ష వేసింది.

ఈలోగా పట్నం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఒకసారి వచ్చి వెళ్ళమన్నారు. వీసా ఏమో అనుకుని వెళ్ళాను. లోపల కుర్చీలు వేసి, బ్యానర్ కట్టి ఉంది. 'తిరస్కరణ నాణ్యతా వారోత్సవాలు' అని. సూట్ వేసుకున్న ఒక పెద్ద అధికారి మైకు పట్టుకున్నాడు.

"గతములో మన తిరస్కరణలు అర పేజీకి మించి ఉండెడివి కావు. హేతువు బలహీనము, భాష పేలవము. శ్రీ పెయ్యల అబ్బులు గారి అలుపెరుగని సమీక్షల పుణ్యమా అని నేడు మన తిరస్కరణలు అంతర్జాతీయ స్థాయికి చేరినవి! వారి మూడవ తిరస్కరణను మన శిక్షణా తరగతులలో పాఠముగా చేర్చుచున్నామని సవినయముగా మనవి చేయుచున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. ఫొటో తీశారు. కౌంటర్లో అనకాపల్లి అమ్మాయి లడ్డు తెచ్చి ఇచ్చింది.

"మీకు ఎన్నో తిరస్కరణండీ ఇది?" అంది ప్రేమగా.

"మూడు."

"ఇంకా రావాలండీ మీకు."

శాలువా మడతపెట్టి సంచిలో వేసుకుని రమాసుందరి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఆ రోజు నవ్వలేదు. పెన్ను మూత తీయలేదు. నా ముందు ఒక కాగితం పెట్టింది.

"అబ్బులు గారూ, మీ మనసు కష్టపెట్టే సంగతి. గడువు మీరి ఉన్నందుకు లేయమ్మ గారిని దేశం నుంచి వెళ్ళగొట్టమని ఉత్తర్వు ఇచ్చారు."

"ఎక్కడికండి?"

"ఎక్కడికేంటండీ. స్వదేశానికి."

"అంటే?"

"అంటే మీ ఊరికి. వాళ్ళ ఖర్చుతోనే. కానీ భయపడకండి, నేనున్నాను గదా! ఉత్తర్వు ఆవిడ మాతృభాషలో ఇవ్వలేదు. ఇంగ్లీషులో చదివి వినిపించారు. ఒక్క దెబ్బతో కొట్టేయిస్తాను. ఈ నెల ఇరవై నాలుగున విచారణ. ఆవిడ తరఫున కూడా నన్నే పెట్టారు."

గోడ మీద క్యాలెండరు చూశాను. జూన్ నెల. పన్నెండో తారీకు.

"ఉత్తర్వు కొట్టేస్తే ఏమవుద్దండి?"

"మళ్ళీ తెలుగులో ఇస్తారు. మళ్ళీ సవాలు చేస్తాం. ఏడాది లాగొచ్చు."

"ముప్పయ్యో తారీకున తవ్వేస్తారండి."

ఆవిడ నా ఫైలు అడుగు దాకా తిరగేసింది. సమాధుల శాఖ ఉత్తరం ఆ ఫైల్లోనే ఉంది. అన్నిటికంటే అడుగున. ఏడాదిగా అందరం దాని మీద కాగితాలు పేరుస్తూ వచ్చాం.

"లాయరమ్మా, ఈసారి మనం ఓడిపోదామండి," అన్నాను.

"ఓడిపోవడమా?" అంది. ఆ మాట ఆవిడ నోట్లో కొత్తగా ఉంది. "అలా కుదరదండీ. నేను లేయమ్మ గారి వకీలుని. తప్పు కళ్ళ ముందు కనిపిస్తుంటే లేచి చెప్పకపోతే అది నా వృత్తికి ద్రోహం. ఆవిడ అక్కడ ఉండాలనుకుంటుందో, రావాలనుకుంటుందో మీరెలా చెప్తారు? మీరు భర్త. అంతే."

ఆవిడ అన్నది న్యాయమే. ఆ రెండిటిలో ఆవిడకు ఏది కావాలో చెప్పే హక్కు నాకు బస్సు వెళ్ళిన రోజే పోయింది.

"నాకు తెలీదండి," అన్నాను. "ఆవిడ వెళ్తానన్నప్పుడు రెండేళ్ళే అంది. రెండేళ్ళలో వచ్చేస్తాను, ఇంటి మీద రేకులు మార్చుకుందాం అంది. ఆవిడ చివర చెప్పింది అదే. తర్వాత మాట మార్చుకుందేమో నాకు తెలీదు. వాళ్ళ నివేదికలో కూడా మార్చుకున్నట్టు లేదు గదండి."

రమాసుందరి గారు ఆ కాగితం తీసి ఫైల్లో పెట్టుకుంది. తర్వాత నన్ను వెళ్ళమంది. ఏం చేస్తుందో చెప్పలేదు.

ఇరవై నాలుగున గదిలో ఉక్కగా ఉంది. ఏసీ చెడిపోయిందట. పరాంకుశం గారు ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటున్నారు. టీవీలో ఆయనకు మాత్రం చల్లగానే ఉంది.

"బహిష్కరణ ఉత్తర్వును ప్రతిఘటించుచు లేయమ్మ గారి పక్షమున న్యాయవాదిని వారు ఏమి విన్నవించుచున్నారో తెలుపవలసినది," అన్నారు దుబాసీ గారు.

రమాసుందరి గారు లేచి నిలబడింది. చేతిలో ఆ ఉత్తర్వు ఉంది. ఇంగ్లీషు ఉత్తర్వు. తప్పు ఎక్కడుందో అక్కడ ఎర్ర గీత గీసి ఉంది. నాకు కనిపించింది. ఆవిడ పెదవులు కదిలాయి. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. ముప్పై, ఇరవై నాలుగు. ఆరు రోజులు.

"విన్నవించడానికి ఏమీ లేదండి," అంది.

కూచుంది. పెన్ను కింద పడింది. తీసుకోలేదు.

టీవీలో ఆయన కళ్ళజోడు తీశారు. ఇంతకు ముందు ఎప్పుడూ తీయలేదు. ఏదో అడిగారు. పరాంకుశం గారు నా వైపు తిరిగారు.

"న్యాయమూర్తి వారు మిమ్ము ఒక్క ప్రశ్న అడుగగోరుచున్నారు. విధి ప్రకారము, స్వదేశమున స్వీకరించువారు లేని వ్యక్తిని బహిష్కరింపరాదు. ఆమెను స్వీకరించువారు అచ్చట ఎవరైనను కలరా?"

లేచాను.

"ఆయ్," అన్నాను. "నేనున్నానండి."

పరాంకుశం గారు వెంటనే తర్జుమా చేయలేదు. మొదటిసారి ఆయనకు ఏ మాట వాడాలో తెలియనట్టు నిలబడ్డారు. తర్వాత చాలా చిన్నగా, రెండే మాటల్లో చెప్పారు.

ఉత్తర్వు ఖాయమైంది. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. రమాసుందరి గారు మొదటిసారి ఓడిపోయారు. బయట మెట్ల మీద నేను దండం పెడితే "దండాలు పెట్టకండి, నాకు ఒళ్ళు మండుతోంది," అని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

బహిష్కరించేవాళ్ళకూ ఒక పద్ధతి ఉంది. దారిలో పారిపోకుండా ఇద్దరు కాపలావాళ్ళు తోడు రావాలి. వచ్చారు. ఇరవై తొమ్మిదో తారీకు మధ్యాహ్నం విమానం. నేను, నాగేసు కాయలు తోలే వ్యాను మాట్లాడుకుని పొద్దున్న ఏడింటికే సరుకుల గేటు దగ్గర కూచున్నాం.

"ఇంత పొద్దున్నే ఎందుకురా? మజ్జానం గదా," అన్నాడు నాగేసు.

"ఉండనీ."

రెండున్నరకు తెచ్చారు. పెట్టె చిన్నది. ఇంత చిన్నదని నేను అనుకోలేదు. నాగేసు టోపీ తీసేశాడు. కాపలావాళ్ళలో ఒకడు, పొడుగాటివాడు, నా చేతిలో కాగితాలు పెట్టాడు. మన విమానాశ్రయం వాళ్ళ అబ్బాయి ఒకడు చదివి చెప్పాడు. ప్రయాణంలో ఎటువంటి ఇబ్బందీ కలిగించలేదట. ఆహారం నిరాకరించిందట. ఆరోగ్య స్థితి బయలుదేరినప్పటి లాగే ఉందట. పదేళ్ళ దాకా మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టకూడదట.

"ఇక్కడ సంతకం పెట్టండి. 'స్వీకరించినవారు' అన్న చోట."

ఈ సంతకం కోసమే నేను ఏడాది తిరిగింది. అక్కడ పెట్టాల్సింది ఇక్కడ పెట్టాను.

పొడుగాటివాడు వెళ్ళబోతూ ఆగాడు. ఎవరూ చెప్పకుండానే వంగి పెట్టె ఒక కొస పట్టుకున్నాడు. రెండోవాడు ఇంకో కొస. వాళ్ళ ఉత్తర్వులో అది ఉండి ఉండదు. వ్యాను నేల మీద అంతా పీచు, గరుకు. సంచిలోంచి శాలువా తీసి కింద పరిచాను. వాళ్ళు నాకు ఇచ్చిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే.

ఊళ్ళోకి వచ్చే దారి కాయల రాశి పక్కనుంచే. వ్యాను నెమ్మదిగా పోనిమ్మన్నాను. వలిచేవాళ్ళంతా పని ఆపి లేచి నిలబడ్డారు. సాయంత్రం మా చర్చి దొడ్లో మట్టి చేశాం. రాయి మీద అంకెలు వేయించలేదు. పేరు వేయించాను.

కథ ఇక్కడితో అయిపోవాలి. అవదు. నా మూడో తిరస్కరణ మీద సమీక్ష ఇంకా నడుస్తోంది గదా. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆపడానికి ఫారం లేదట.

ఆగస్టులో రమాసుందరి గారు ఫోను చేసింది. జూన్ తర్వాత ఆవిడ గొంతు వినడం అదే.

"అబ్బులు గారూ, గెలిచామండి."

"మళ్ళీ చూస్తారా?"

"చూశారు. వీసా ఇచ్చేశారు."

కారణం ఒకటే పేరా. మంచి వీసాలకు పేజీలు అక్కర్లేదనుకుంటా.

"దరఖాస్తుదారుని జీవిత భాగస్వామి ప్రస్తుతము స్వదేశమున నివసించుచున్నట్లును, సమీప భవిష్యత్తులో మరెక్కడికిని వెళ్ళు అవకాశము లేనట్లును మా రికార్డులు ధ్రువీకరించుచున్నవి. కావున దరఖాస్తుదారుడు తప్పక తిరిగి వెళ్ళునని మేము సంతృప్తి చెందితిమి."

నాగేసు దాన్ని రెండు సార్లు చదివించుకున్నాడు. "మరి ఎల్తావేంట్రా?" అన్నాడు. వాడే మళ్ళీ, "ఎల్లి ఏం చేస్తావులే," అన్నాడు. కాయ తీసుకుని మొన మీద గుచ్చాడు.

వీసా గడువు తొంభై రోజులు. గడువు లోపల ప్రయాణం చేయకపోతే ఎందుకు చేయలేదో సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వకపోతే విచారణ. నవంబరులో ఫారం వచ్చింది. పాస్టరు గారిని అడగలేదు. ఆ ఫారం నాకు కొట్టిన పిండి. పదిహేడో ప్రశ్న అక్కడే ఉంది. రెండే గడులు ఉన్నాయి.

'మీ దేశంలో' అన్న రెండో గడిలో టిక్కు పెట్టాను.

చివర 'ప్రయాణము చేయకపోవుటకు కారణము' అని పది గీతలు వదిలారు. అవసరమైతే అదనపు కాగితాలు జతపరచవచ్చునన్నారు. మొదటి గీత మీద రాశాను. మిగతా తొమ్మిదీ ఖాళీగా వదిలేశాను.

"ఆవిడ వచ్చేసింది."